బరో హై స్ట్రీట్ ఇన్నులు: వంతెన నిలబెట్టినవి, రైలు కూలగొట్టినవి

లండన్ బ్రిడ్జ్ స్టేషన్ దగ్గర బరో హై స్ట్రీట్ అందుకుని దక్షిణంగా నడిస్తే ఎడమచేతి వైపు వరసగా సందులు తగులుతాయి. కింగ్స్ హెడ్ యార్డ్, వైట్ హార్ట్ యార్డ్, జార్జ్ ఇన్ యార్డ్, టాల్బట్ యార్డ్. వీటిలో ఒక్క జార్జ్ సందులోనే ఇప్పుడు పాత ఇన్ను కట్టడం ఉంది. మిగతావాటిలో ఆఫీసులు, గోడలు, చెత్త డబ్బాలు. కానీ 1598లో లండన్ నగర వర్ణన అచ్చేసిన జాన్ స్టో, సదర్క్‌లో (లండన్ బ్రిడ్జ్ దక్షిణపు కొసన ఉన్న ఈ పేట) బాటసారులు దిగే పెద్ద ఇన్నులు ఇవీ అంటూ ఎనిమిది పేర్లు చెప్పాడు: స్పర్, క్రిస్టఫర్, బుల్, క్వీన్స్ హెడ్, టాబర్డ్, జార్జ్, హార్ట్, కింగ్స్ హెడ్. దక్షిణం నుంచి ఉత్తరానికి, వీధిలో ఉన్న వరసలోనే. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ వరస సందుల పేర్లలో అలాగే ఉండిపోయింది.

ఇన్ని ఇన్నులు ఒక్క వీధిలో ఎందుకు పేరుకున్నాయన్నది అసలు విషయం. లండన్ పబ్బుల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా బీరు గురించీ, అక్కడ తాగిన పెద్దమనుషుల గురించీ చెప్పి ఊరుకుంటారు. సదర్క్ ఇన్నులను కట్టించింది తాగుడు కాదు, రవాణా.

1209లో పూర్తయిన రాతి వంతెన, అంటే లండన్ బ్రిడ్జ్, తప్ప నగరం దగ్గర థేమ్స్ దాటడానికి 1750లో వెస్ట్‌మిన్‌స్టర్ బ్రిడ్జ్ తెరిచేదాకా మరో వంతెన లేదు. 1729లో కట్టిన పట్నీ చెక్క వంతెన ఉంది గానీ అది బాగా ఎగువన. లండన్ బ్రిడ్జ్ మీద రెండు వైపులా ఇళ్ళు ఉండేవి. బండ్లు పోవడానికి మిగిలిన దారి ఎంత ఇరుకంటే, బండ్లన్నీ ఎడమ పక్కనే నడవాలని 1722లో మేయరు హుకుం జారీ చెయ్యాల్సి వచ్చింది. రాత్రి కాగానే గేట్లు మూసేవారు. కెంట్, ససెక్స్, సర్రే జిల్లాల నుంచి సరుకు వేసుకొచ్చిన బండివాడు ఆ ఇరుకులో దూరి గంటలు గంటలు ఇరుక్కోవడం కంటే వంతెనకు ఇవతలే బండి విప్పేసి, సరుకును కూలీల చేత అవతలికి పంపడం మేలనుకున్నాడు. అలా బండి విప్పడానికి చోటు, గుర్రాలకు లాయం, సరుకుకు గిడ్డంగి, మనిషికి పడక, అన్నీ ఒకేచోట కావలసి వచ్చాయి. ఇన్ అంటే అది. మన సత్రంలా దాత పెట్టించిన ధర్మం కాదు, పూటకూళ్ళ ఇంటికి లాయం కలిపినట్టు ఉండే వ్యాపారం.

బండ్లకు రోజులు కూడా ఖాయంగా ఉండేవి. థేమ్స్ మీద పడవ నడిపి బతికిన జాన్ టేలర్ 1637లో ఒక చిన్న పుస్తకం వేశాడు. ఏ ఊరి బండి ఏ ఇన్నులో దిగుతుంది, ఏ వారం వస్తుంది, ఏ వారం పోతుంది అన్నది అందులో ఉంటుంది. ఉత్తరం పంపాలన్నా, మూట పంపాలన్నా ఆ ఇన్నుకు వెళ్ళి ఆ బండివాడికి ఇవ్వడమే. అంటే ఇన్ను ఆనాటి బస్టాండూ, పార్సిల్ ఆఫీసూ కూడా.

చట్టం దృష్టిలో ఇన్, టావెర్న్, ఏల్‌హౌస్ మూడూ వేరువేరు. టావెర్న్‌లో ప్రధానంగా ద్రాక్షసారా, తిండి. ఏల్‌హౌస్‌లో ఏల్ (బీరులో ఒక రకం), బీరు; చాలావాటికి అది ఇంటి ముందుగదే. ఇన్‌కు మాత్రం ఒక బాధ్యత ఉంది: గదులు ఖాళీ ఉండి, వచ్చినవాడు డబ్బు ఇవ్వగలిగి, మర్యాదగా ఉంటే వాడిని వెళ్ళగొట్టడానికి వీల్లేదు. ఏల్‌హౌస్‌వాడికి ఆ పట్టింపు లేదు. 1552 చట్టం ఏల్‌హౌస్ నడపాలంటే ఇద్దరు మేజిస్ట్రేట్ల దగ్గర అనుమతి తెచ్చుకుని పూచీకత్తు రాసివ్వాలంది. బాటసారుల సేవ చేసే అసలైన ఇన్నులు మొదట్లో ఆ పరిధిలోకి రాలేదు.

ఇన్‌వాడి నెత్తిన ఇంకో బరువు ఉండేది. బాటసారి సామాను ఇన్ లోపల పోతే యజమానే కట్టుకోవాలి. 1584లో కేలీ కేసు అని ఒకటి నడిచింది. బాటసారి తన గుర్రాన్ని మేతకు బీట్లోకి తోలమన్నాడు, అక్కడ దొంగలు పట్టుకుపోయారు. బీడు ఇన్ లోపలి భాగం కాదు, పైగా తోలమన్నది బాటసారే, కాబట్టి యజమాని బాధ్యుడు కాడన్నారు జడ్జీలు. అదే గుర్రం లాయంలో ఉండగా పోయి ఉంటే కట్టాల్సిందే. ఈ బాధ్యతకు 1863లో 30 పౌండ్ల హద్దు పెట్టారు. ఆ హద్దు నుంచి గుర్రాలనూ బండ్లనూ మాత్రం మినహాయించారు, వాటి విలువ ఎంతైతే అంతా ఇన్‌వాడే భరించాల్సి ఉండేది. ఇంత బాధ్యత ఉన్నప్పుడు ఎవరైనా ఇల్లు ఎలా కడతాడు? వచ్చేవాడూ పోయేవాడూ ఒకే దారిన నడిచేలా, ఆ దారిని ఒక్క మనిషి కాపలా కాయగలిగేలా కడతాడు.

జార్జ్ ఇన్ దగ్గర నిలబడి చూస్తే ఆ లెక్క కనిపిస్తుంది. హై స్ట్రీట్ మీద ముఖం వెడల్పు తక్కువ, ఎందుకంటే వీధి మీద స్థలం ఖరీదు. మధ్యలో బండి పట్టే దారి, రాత్రి దానికి తలుపులు. లోపలికి పోయిన కొద్దీ పొడుగాటి ఆవరణ. ముందు భాగం మనుషులది: చుట్టూ గదులు, మేడమీద వరసగా చెక్క నడవాలు. వెనక భాగం బండ్లదీ గుర్రాలదీ: లాయాలు, గడ్డి అటకలు, గిడ్డంగులు. పడకగది తలుపు ప్రతిదీ నడవాలోకే తెరుచుకుంటుంది. లోపల వేరే దారి కట్టక్కర్లేదు, స్థలం కలిసొస్తుంది, కింద ఆవరణలో నిలబడ్డ మనిషికి ఎవరు ఏ గదిలోంచి వస్తున్నారో కనిపిస్తుంది. జార్జ్‌లో ఇప్పుడు మిగిలింది దక్షిణం వైపు వరస ఒక్కటే, రెండు అంతస్తుల్లో నడవాలతో. లండన్‌లో నడవాలున్న పాత ఇన్ ఇదొక్కటే మిగిలింది, చారిత్రక కట్టడాలకిచ్చే అత్యున్నతమైన గ్రేడ్ 1 రక్షణ ఉంది.

ఈ నిర్మాణంలో లోపం కూడా అక్కడే ఉంది. చెక్క నడవాలు, ఎండుగడ్డి అటకలు, కొవ్వొత్తి దీపాలు, ఇరుకు ఆవరణలు. నిప్పు పుడితే ఆవరణ పొగగొట్టంలా పనిచేసి మంటను పైకి లాగుతుంది. 1676 మే 26న పుట్టిన మంటలో సదర్క్‌లో సుమారు 500 ఇళ్ళు పోయాయి. టాబర్డ్, జార్జ్, వైట్ హార్ట్ మూడూ అందులోనే కాలాయి. ఇప్పుడు మనం చూసే జార్జ్ ఆ మంట తర్వాత, 1677 ప్రాంతంలో లేచిన కట్టడం. అందుకని ఆ ఆవరణలో షేక్స్పియర్ నాటకం ఆడాడన్న కబుర్లు వింటే నవ్వి ఊరుకోవాలి. ఆయన 1616లోనే పోయాడు. ఇన్నుల్లో నాటకాలు ఆడిన మాట నిజమే. రికార్డుల్లో గట్టిగా కనిపించేవి మాత్రం నది అవతల: బిషప్స్‌గేట్‌లో బుల్, గ్రేస్‌చర్చ్ స్ట్రీట్‌లో బెల్, క్రాస్ కీస్, లడ్‌గేట్ హిల్ మీద బెల్ సావేజ్. ఇక్కడి బుల్ వేరు, అక్కడి బుల్ వేరు. ఈ ఒక్క పొరపాటు వల్లే బోలెడు కథలు పుట్టాయి.

టాబర్డ్ కథ కాస్త గట్టిది. 1307లో వించెస్టర్ దగ్గరి హైడ్ మఠాధిపతి ఆ స్థలం కొన్నాడు, లండన్‌లో పని పడ్డప్పుడు దిగడానికి. పక్కనే ఇన్ వెలిసింది. కవి చాసర్ తన కాంటర్‌బరీ యాత్రికులను అక్కడినుంచే బయల్దేరదీశాడు, కాంటర్‌బరీ దారి ఆ గుమ్మం ముందునుంచే పోతుంది కాబట్టి. ఆయన కావ్యంలో ఇన్ యజమాని పేరు హ్యారీ బెయిలీ. హెన్రీ బెయిలీ అనే సదర్క్ ఇన్ యజమాని నిజంగా ఉన్నాడు, 1376లోనూ 1378లోనూ ఆ ఊరి తరఫున పార్లమెంటుకు వెళ్ళాడు. మంట తర్వాత టాబర్డ్ మళ్ళీ లేచింది గానీ పేరు టాల్బట్ అయింది. టాబర్డ్ అంటే యోధుడు కవచం మీద తొడిగే అంగీ, టాల్బట్ అంటే వేటకుక్క. బోర్డు పేర్లు ఇలా మారడం మామూలే. కింగ్స్ హెడ్ ఒకప్పుడు పోప్స్ హెడ్. ఎనిమిదో హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాక పోప్ తల వేలాడదీసుకుని వ్యాపారం చెయ్యడం ఎవరికి మాత్రం క్షేమం? వైట్ హార్ట్ అంటే తెల్ల దుప్పి, రెండో రిచర్డ్ చిహ్నం. 1450లో జాక్ కేడ్ కెంట్ నుంచి తిరుగుబాటు దండు తెచ్చి మకాం పెట్టింది ఆ ఇన్నులోనే. వంతెన ఇవతలి కొస చేతిలో ఉంటే నగరం గొంతు చేతిలో ఉన్నట్టే. క్వీన్స్ హెడ్ హార్వర్డ్ కుటుంబానిది. ఆ ఇంటి కొడుకు జాన్ హార్వర్డ్ 1607లో సదర్క్‌లో పుట్టి, అమెరికా వెళ్ళి, 1638లో చనిపోతూ సగం ఆస్తి, సుమారు 400 పుస్తకాలు అక్కడి కొత్త కాలేజీకి రాసిచ్చాడు. ఆ ఆస్తిలో ఈ ఇన్ను మీది రాబడి పాలు కూడా ఉంది.

1836 డిసెంబరులో డెప్ట్‌ఫర్డ్ నుంచి రైలు లండన్ బ్రిడ్జ్ దాకా వచ్చింది. తర్వాత కొద్ది ఏళ్ళలో డోవర్, బ్రైటన్ దారులు కూడా రైలుకే పోయాయి. రాత్రి బస అవసరమే తగ్గింది. లాయాలు ఖాళీ. ఇన్నులు పార్సిల్ బుకింగ్ ఆఫీసులయ్యాయి, గడ్డి అటకలు హాప్స్ గోతాలకు అద్దెకు పోయాయి. బీరుకు చేదు, నిలవ తెచ్చే ఈ హాప్ పూలు ఎక్కువగా కెంట్ నుంచి వచ్చేవి, కాబట్టి సదర్క్ ఆ వ్యాపారానికి అడ్డా అయింది. సదర్క్ స్ట్రీట్‌లో 1867లో తెరిచిన హాప్ ఎక్స్చేంజ్ ఇప్పటికీ ఉంది, 1920 మంటలో పై అంతస్తులు పోయి పొట్టిగా మిగిలింది. పార్క్ స్ట్రీట్ దగ్గర యాంకర్ బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే కార్ఖానా, ఉండేది. దాని యజమాని హెన్రీ థ్రేల్ 1781లో చనిపోతే 1,35,000 పౌండ్లకు అమ్ముడై బార్క్లే పెర్కిన్స్ అయింది. చుట్టుపక్కల పబ్బులకు లీజులు, అప్పులు ఇచ్చి తమ బీరే అమ్మేలా కట్టిపడేసింది ఇలాంటి బ్రూవరీలే. ఇన్ పోయి పబ్బు మిగలడం వెనక సగం కథ ఈ అప్పులదే.

టాల్బట్‌ను 1873లో కూల్చారు. జార్జ్‌ను 1874లో గ్రేట్ నార్తర్న్ రైల్వే కొని గోదాముగా వాడుకుంది, 1889లో ఉత్తరం, మధ్య వరసలు పడగొట్టింది. వైట్ హార్ట్ కూడా ఆ ఏడే పోయింది. జార్జ్‌లో దక్షిణం వరసను ఉంచింది ప్రేమతో కాదు, అందులో పబ్బు నడుస్తోంది, అద్దె వస్తోంది. 1937లో రైల్వే దాన్ని పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టుకు ఇచ్చింది.

జార్జ్‌లో పెద్ద గోడ గడియారం ఉంది, పార్లమెంట్ క్లాక్ అంటారు. 1797లో ప్రధాని పిట్ గడియారానికి 5 షిల్లింగులు పన్ను వేస్తే జనం ఇళ్ళలో గడియారాలు మానేశారని, వాళ్ళకోసం ఇన్నులవాళ్ళు ఇవి పెట్టారని చెబుతారు. పన్ను నిజం, మరుసటి ఏడే ఎత్తేశారన్నదీ నిజం. కానీ ఈ రకం గడియారాలు ఇన్నుల్లో అంతకు దశాబ్దాల ముందునుంచే ఉన్నాయి. గుర్రపు కోచ్ బయల్దేరే వేళ అందరికీ కనిపించాలి కదా.

లోపలి గదుల సంగతి. బండివాళ్ళకూ గుర్రాలవాళ్ళకూ టాప్ రూమ్ (టాప్ అంటే పీపా కుళాయి, ‘పైన’ అని కాదు), కోచ్‌లో వచ్చిన పెద్దవాళ్ళకు కాఫీ రూమ్. మనం పబ్బు అనగానే ఊహించుకునే పొడుగాటి బార్ కౌంటర్ పాతది కాదు, 18వ శతాబ్దం చివరినుంచి వచ్చింది. అంతకుముందు కుర్రాడు నేలమాళిగలోకి దిగి జగ్గు నింపుకుని బల్ల దగ్గరికి తెచ్చేవాడు. జోసెఫ్ బ్రామా 1797లో పేటెంట్ తీసుకున్న చేతి పంపు లాంటివి వచ్చాక నేలమాళిగ బీరు పైన కౌంటర్ దగ్గరే అందింది. అప్పుడిక మనుషులు బీరు దగ్గరికి రావడం మొదలైంది.

ఆ నేలమాళిగ పని ఇవాళ్టికీ పెద్దగా మారలేదు. పీపాలో ఏల్ బతికే ఉంటుంది, ఈస్టు ఇంకా పనిచేస్తూ ఉంటుంది. మామూలు పీపా ఫిర్కిన్: 9 గాలన్లు, 72 పింట్లు, ఒక్కో పింటు 568 మిల్లీలీటర్లు. దాని పైది కిల్డర్‌కిన్ 18 గాలన్లు, బ్యారెల్ 36. పీపా రాగానే చట్రం మీద పడుకోబెట్టి కదలకుండా చీలలు బిగిస్తారు. పై కన్నానికున్న చెక్క బిరడా మధ్యలో మెత్తటి చెక్క మేకు దిగ్గొడతారు. ఆ మేకు సందుల్లోంచి గ్యాసు నురగగా పొంగుతుంది. తుడిచాక నురగ వెంటనే మళ్ళీ పొంగుతుంటే ఇంకా ఆగాలి. నెమ్మదించాక గట్టి మేకు పెట్టి, ముందు వైపు బిరడాలోకి కుళాయిని ఒక్క దెబ్బకు దించాలి. తటపటాయిస్తే బీరు మొహానే కొడుతుంది. చేప తిత్తితో చేసిన ఐసింగ్లాస్ ఈస్టును అడుక్కి దించుతుంది, దానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ మధ్యలో పీపాను కదిలిస్తే మడ్డి లేచి మళ్ళీ మొదటికే.

చెడిపోయే తీరులు కొన్నే, కారణాలూ తెలిసినవే. నేలమాళిగ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కితే గ్యాసు పోయి చప్పబడుతుంది, త్వరగా పులుస్తుంది. మరీ చల్లబడితే మబ్బు పడుతుంది. అమ్మేటప్పుడు గట్టి మేకు తియ్యడం మరిస్తే లోపల శూన్యం ఏర్పడి పంపు లాగలేదు. రాత్రి తిరిగి పెట్టడం మరిస్తే తెల్లారేసరికి జీవం పోతుంది. బీరు తగ్గేకొద్దీ పీపాలోకి గాలి చేరుతుంది కాబట్టి తెరిచిన మూడు రోజుల్లో అమ్మెయ్యాలి. ఆలస్యమైతే సిర్కా వాసన. పీపా వెనక భాగాన్ని పైకి లేపడం సగానికి పైగా ఉండగానే, నెమ్మదిగా చెయ్యాలి. అడుగంటాక లేపితే మడ్డి అంతా గ్లాసులోకే. గొట్టాలు వారానికోసారి కడగాలి. పొద్దున మొదటి గ్లాసు చప్పగా ఉంటే అది రాత్రంతా గొట్టంలో నిలిచిన బీరు.

ఇప్పుడు ఈ వీధిలోగానీ ఇంకెక్కడగానీ ఒక పబ్బు చరిత్ర తవ్వాలనుకునేవాళ్ళకు. గోడ మీద బంగారు అక్షరాలతో రాసిన ఏడాదిని నమ్మకండి. స్థలం వయసు, పేరు వయసు, కట్టడం వయసు, లైసెన్సు వయసు నాలుగూ వేరు. బోర్డు మీద రాసేది ఎప్పుడూ వాటిలో అన్నిటికన్నా పాతదే. ముందు పటాలు చూడండి: జాన్ రోక్ 1746 పటం, 1790ల హార్‌వుడ్ పటం, తర్వాత ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసినవి. ఆవరణ ఆకారం ఒక పటం నుంచి ఇంకో పటానికి అలాగే వస్తోందా, మధ్యలో మాయమైందా చూస్తే చాలా తేలుతుంది. వీధి పేర్లతో జాగ్రత్త. బరో హై స్ట్రీట్ దక్షిణ భాగం ఒకప్పుడు బ్లాక్‌మన్ స్ట్రీట్. ఇంటి నంబర్లు కూడా మారాయి. నంబరు పట్టుకుని వెనక్కి పోతే వేరే ఇంటికి చేరతారు.

1648 నుంచి 1672 దాకా చిల్లర కొరత వల్ల ఇన్నులవాళ్ళు సొంతంగా ఫార్తింగ్ (పావు పెన్నీ), అరపెన్నీ బిళ్ళలు వేసుకున్నారు. ఒక పక్క బోర్డు బొమ్మ, రెండో పక్క మూడు అక్షరాలు త్రికోణంలో: పైన ఇంటిపేరు, కింద భర్తదీ భార్యదీ. భార్య అక్షరం పెళ్ళి రిజిస్టరుతో కలిస్తే మనిషి దొరికినట్టే. 1662 నుంచి 1689 దాకా పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగుల పన్ను ఉండేది, ఆ జాబితాలో పొయ్యిల సంఖ్య చూస్తే ఇన్ ఎంత పెద్దదో తెలుస్తుంది. 1686లో యుద్ధ శాఖ ఏ ఊళ్ళో ఎన్ని పడకలు, ఎన్ని గుర్రాలకు లాయం ఉందో లెక్క తీసింది. అయితే అది ఊరి మొత్తం లెక్క, ఇన్ పేర్లు ఉండవు. 18వ శతాబ్దానికి సన్ ఫైర్ ఆఫీస్ అగ్ని బీమా రిజిస్టర్లు బంగారు గని. యజమాని పేరు, గోడ ఇటుకదా చెక్కదా, దేనికి ఎంత విలువ, అంతా ఉంటుంది. లైసెన్సు పూచీకత్తులకు సర్రే కౌంటీ రికార్డులు కూడా వెతకాలి, 1889 దాకా సదర్క్ సర్రేలోనే ఉంది. లండన్ రికార్డుల్లో మాత్రమే చూసి, ఏమీ లేదని వెనక్కొచ్చేస్తారు చాలామంది.

1830 తర్వాతి కాలానికి ఇంకో చిక్కు. ఆ ఏడు వచ్చిన చట్టం ప్రకారం 2 గినీలు కట్టిన ఎవరైనా మేజిస్ట్రేట్ గడప తొక్కకుండానే బీరు దుకాణం తెరవచ్చు. 1869లో మళ్ళీ పగ్గాలు బిగించేదాకా పుట్టిన ఈ బీర్‌హౌస్‌లు మేజిస్ట్రేట్ లైసెన్సు జాబితాల్లో కనిపించవు, డైరెక్టరీల్లో కూడా పేరు లేకుండా ‘బీర్ రిటైలర్’ అనే పడతాయి. పెద్ద ఇన్నులకు ఆవరణలోనే విడిగా అద్దెకిచ్చిన ‘టాప్’ అనే బీరు కొట్టు ఒకటి ఉండేది, దాని నిర్వాహకుణ్ణి ఇన్ యజమాని అనుకుని పొరబడే ప్రమాదమూ ఉంది. ఈ రెండు ముళ్ళూ విప్పడానికి 1910 భూమి విలువ సర్వే పుస్తకాలు పనికొస్తాయి. లండన్‌లో క్యూ (Kew) అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐఆర్ 58 వరసలో ఉంటాయి. చాలా ఇళ్ళకు గదులు, యజమాని, అద్దెదారు, లీజు వివరాలు దొరుకుతాయి. ముందు ఆ సర్వే పటం మీద ఇంటి నంబరు పట్టుకోవాలి, ఆ పటాలు వేరే వరసలో ఉంటాయి. ఆ నంబరు వీధి నంబరు కాదు, సర్వేవాళ్ళు విడిగా వేసుకున్నది.